ఊర్మి పడవ కొయ్య

2024 డిసెంబర్ 8, ఆదివారం

ఇది నా మనుమరాలు ఇందు ఇచ్చిన పుస్తకం. బ్యాంకోళ్ళు పంచింది, రెండేండ్ల కిందిది. పాత తారీకులు కొట్టేసి రాస్తున్న. నాది రెండో తరగతి చదువు. అచ్చరాలు వంకర ఉంటయి. ఉండనీ. ఎవలు చదవాలె? ఎవలు చదవొద్దు.

ఇయ్యాల ఊర్మి వచ్చింది. కాంతిలాల్ సేట్ బిడ్డ. నేను ఇరవై ఏండ్లు మగ్గాలు నడిపిన మిల్లు ఆ సేటుదే. ఈ పిల్లను ఆరేండ్లప్పుడు భుజం మీద కూసోబెట్టుకొని బురద దాటిచ్చి పడవ ఎక్కిచ్చిన. ఇప్పుడు అరవై దాటింది. తల తెల్లగైంది. అయినా "నరహరి కాకా" అనుకుంట సూరత్ భేస్తాన్‌ల మా రెండర్రల ఇల్లు ఎతుక్కుంట వచ్చింది.

"కాకా, మన పడవ దొరికింది!"

డుమస్‌ల, సముద్రం ఒడ్డున, ఒక హోటలోడు దాన్ని ముంగట పెట్టి, దాంట్ల బల్లలేసి భజియాలు అమ్ముతుండెనట. ఊర్మి కొన్నది. బాగు చేపిచ్చి మల్ల నీళ్ళల్లకు దించుతదట. పడవ చరిత్ర రాసి, మాలిక్‌ల పేర్లు ఇత్తడి రేకు మీద చెక్కిచ్చి లోపల కొడ్తదట. ఫోన్ల చూసి చదివింది.

"1937ల బొంబాయిల కట్టిన్రు. మొదటి మాలిక్ కెప్టెన్ మెక్రీడీ. ఇంగ్లీషోళ్ళు పోయినంక డాక్టర్ సొరాబ్. 1963ల నాన్న. నేను పుట్టిన యాడాది కొని నా పేరు పెట్టిండు. 1989 సంది 2008 దాక..." అని ఆగింది. "ఎవరిదో తెల్వదు అని రాసిన."

"తెల్వకపోవుడేంది? నాది," అన్న.

ఆమె కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. "మాఫ్ చెయ్యి కాకా, నాకు ఎవరు చెప్పలే. నీ పేరు ఎక్కిస్త."

"ఆడెపు నరహరి. ఇంటిపేరుతోని ఎక్కియ్యి. కప్తానుది ఎంత పెద్ద అచ్చరాలో నాది గంతే ఉండాలె."

నవ్వింది. చాయ్ తాగింది. పోంగ పోంగ, చెప్పులేసుకుంట అడిగింది. "అయితే కొయ్య ఏమైంది కాకా? తెరచాప కొయ్య. హోటలోనికి దొరికిననాటికే లేదట. దేవదారు మాను, అతుకు లేని కొయ్య. అసొంటిది ఇప్పుడు ఎంత ఎతికినా దొరకది."

"వరదల పోయింది," అన్న.

డిసెంబర్ 9

వరదలనే పోయింది. తపతి నది అంత పెద్దగ వచ్చిన యాడాది. అందరికి ఎరుకే.

డిసెంబర్ 13, శుక్రవారం

ఇందు, నేను డుమస్ పోయినం. ఇందు పొద్దున కాలేజీ, మాపటీలి ఊర్మి చెప్పిన చరిత్రంత కంప్యూటర్ల కొట్టుడు. దానికి గుజరాతీ బాగ వస్తది, బడి చదువంత గండ్లనే. "తాతా, నువ్వు పడవ ఓనర్వని నాకు ఎప్పుడు చెప్పలేవేంది? క్యా బాత్ హై!" అని దారి పొడుగునా ఒకటే ముచ్చట.

రేకుల షెడ్డుల పడవ ఒక దిక్కు ఒరిగి ఉన్నది, సచ్చిన బర్రె లెక్క. రంగు గీకేసిన్రు. లోపలి టేకు మాత్రం ఇంక నిగనిగలాడుతున్నది. చెయ్యి పెట్టి చూసిన. 1969ల సేటు నన్ను మగ్గం కాడికెళ్ళి లేపుకపోయి, "నువ్వు నేతోనివి గదా, తెరచాప చినిగింది, కుట్టు" అన్నడు. బొంబాయి దర్జీ కుట్టిన చాప అది. పడుగు ఒక దిక్కు, పేక ఒక దిక్కు, లెక్క లేకుంట కోసిండు. నేను విప్పి, మిల్లుల నేనే గట్టి గుడ్డ నేసి, మల్ల కుట్టిన. గది ఇరవై ఏండ్లు చినగలే. గప్పటి సంది ఆదివారం ఆదివారం సేటు పక్కన నేనే. పోటు ఎప్పుడొస్తది, ఎప్పుడు తీస్తది, తీసినంక పడవ ఏ బురదల కూసుంటది, అన్ని నాకు ఎరుక. ఎవ్వలకు అంత ఎరుక లేదు.

పడవ బాగు చేసే మిస్త్రీ ఉన్నడు. ముసలోడే. అయితే నోటికి తాళం లేదు. కొయ్య నిలిచే బెజ్జం కాడికి తీస్కపోయి చూపిచ్చిండు.

"ఊర్మి బెన్, వరదకు పోతే కొయ్య ఇరుగుతది, పలకలు చీలుతయి. ఇది ఇరుగలే. ఎవలో నిదానంగ పీకిన్రు. పీకి, వాన నీళ్ళు పోకుంట బెజ్జం మూసిన్రు. చూడు, నూలు చెత్త కుక్కి మీద గంజి మెత్తిన్రు. ఏ పడవోడు గిట్ల చెయ్యడు. మేమయితే డాంబర్ పోస్తం."

చింతగింజల గంజి అది. మగ్గం పడుగుకు పెట్టేది. ముప్పై ఏండ్లయినా గోరు దిగుతలేదు.

నేను సముద్రం దిక్కు చూసుకుంట ఉన్న.

బెజ్జం అడుగున గుండ్రంగ ఒక మచ్చ ఉన్నది, రూపాయంత. ఊర్మి ఒంగి ఏలు పెట్టి చూసింది. "నాన్న చెప్పెటోడు ఇందూ. కొయ్య నిలబెట్టే ముందు దాని అడుగున ఒక నాణెం పెడ్తరు. పడవ మాలిక్ తన చేత్తోని పెట్టాలె. వేరేటోళ్ళు పెట్టొద్దు. ఇండ్ల జార్జి రాజు బొమ్మ వెండి రూపాయి ఉండాలె."

ఆ ముచ్చట సేటు చెప్పలే. ఆరేండ్లప్పుడు ఆమెకు నేను చెప్పిన.

డిసెంబర్ 15, ఆదివారం

గుడి కమిటీ మీటింగు. మా మార్కండేయ స్వామి గుడి. సిరిసిల్ల కెళ్ళి వచ్చిన నేతోళ్ళం కట్టుకున్నం. కమిటీ పెద్ద రాపోలు ధర్మరాజు. నాకంటె ఏడేండ్లు చిన్నోడు, నాకంటె ఏడింతలు లొల్లి.

ధ్వజస్తంభం మొదట్ల ఇత్తడి తొడుగు ఉబ్బింది. ఒక రేకు ఇప్పి చూసిన్రట, చెదలు. గుడి పూజలు చేసే శాస్త్రి చెప్పిండు, "మొదలు చెడ్డది. మాఘమాసంల స్వామి జయంతి లోపల కొత్తది నిలబెట్టాలె. పాతదానిల ఉన్న కళను కలశంలకు తీసుకుంటం. తొడుగు ఇప్పి, గుంట తవ్వి, మానును బయటికి తీసి నీళ్ళకు అప్పగిస్తం."

"ఏం అవసరం లేదు. అది ఇంక వందేండ్లు ఉంటది," అన్న.

ధర్మరాజు నవ్విండు. "అన్నకు తన పేరు పోతదని రంది! కొత్త బండ మీద కూడ నీ పేరు కొట్టిస్తంలే అన్నా, ఊకో."

అందరు నవ్విన్రు.

స్తంభం పక్కన బండ ఉన్నది. ధ్వజస్తంభ దాతలు: ఆడెపు నరహరి, వజ్రమ్మ, 1993. నాకు చదువ వచ్చిన మొదటి బండ అదే. నా భార్య పోయి ఆరేండ్లయింది. ఆమె బతికున్నన్ని దినాలు ఆ బండ దిక్కు చూడలే. కొంగు అడ్డం పెట్టుకొని పక్కకెళ్ళి పోయేది. సిగ్గరి మనిషి.

డిసెంబర్ 16

రాసి పెడ్త. ఎవలకోసం గాదు.

1993ల గుడి అయింది. గోపురం అయింది. డాంగ్ అడవుల కెళ్ళి టేకు మాను తెప్పిచ్చిన్రు. ప్రతిష్ఠకు పది దినాలు ఉన్నదనంగ మాను నిలువునా చీలింది. ధ్వజస్తంభం అతుకు లేకుంట ఒకటే మానుది కావాలె, బీట ఉండొద్దు. ముహూర్తం పోతదని పెద్దోళ్ళు ఏడ్సిన్రు. చుట్టు ఉన్న ఊరోళ్ళ గుళ్ళన్ని పాలరాయితోని మెరుస్తుంటే, మాది మొండి గుడి. గప్పుడు ధర్మరాజు అన్నడు, "మనసొంటి మిల్లోళ్ళకు దేవుడు కూడ మొండిగనే ఉంటడు."

లేచి నిలబడ్డ. "ధ్వజస్తంభం నాది. మీ పని మీరు చూస్కోన్రి," అన్న.

అన్నంక ఆలోచన చేసిన. అనేటప్పుడు చెయ్యలే. నేను ఒక్క మాట అంటే వాపస్ తీసుకున్నోన్ని గాదు.

తెచ్చిన. దొంగతనంగ తేలే. నలుగురు పడవ ఖలాసీలతోని పీకిచ్చి, రెండు ఒంటె బండ్ల మీద ఏసి, పసుపు రాసి, బొట్లు పెట్టి, నడి ఎండల బ్యాండుతోని తెచ్చిన. దారి పొడుగునా గుజరాతోళ్ళు కూడ దండం పెట్టిన్రు. దొంగ సొమ్మును ఎవలన్న బ్యాండుతోని తెస్తరా?

కొయ్య కొన కాడ తాడు పోయే చీలిక ఉంటది. శాస్త్రి ఇదేందని అడిగిండు. వడ్రంగి పిట్ట పొడిచింది అన్న. నూలు చెత్త, గంజి పెట్టి మూసిన. మొదట్ల ఉన్న గంట్లు కూడ గట్లనే మూసిన. వెండి రూపాయిని నవరత్నాలతోని కలిపి గుంటల ఏసిన.

గంజికి చెదలొస్తయని నేతోనికి తెల్వదా? తెల్సు. అయినా చెయ్యి గంజి దిక్కే పోయింది. తెల్సిన పని గదొక్కటే.

డిసెంబర్ 20

ఊర్మి ఫోన్ చేసింది. "కాకా, మిస్త్రీ మాట నిజమేనా? ఎవలో పీకిన్రా? నీకు యాదికుంటే చెప్పు."

"ముసలోన్ని. యాదికి లేదు."

"నీకు పోటు తారీకులే యాదికుంటయి కదా కాకా," అన్నది మెల్లగ.

ఫోన్ పెట్టేసిన.

డిసెంబర్ 21, శనివారం

వరద ముచ్చట రాస్త. అది ఎవ్వలు రాయలే.

గప్పుడు మా బస్తీ నది ఒడ్డునే. పడవ మా ఇండ్ల ఎనుక తాళ్ళతోని కట్టి ఉండె. 2006, ఆగస్టు నెల. పొద్దుగాల లేచేటాళ్ళకు నీళ్ళు మంచం ఎత్తు వచ్చినయి. నేను ఈదుకుంట పోయి పడవ ఇప్పుకొచ్చిన. మొదలు వజ్రమ్మను ఎక్కిచ్చిన. తర్వాత ఎవలు చెయ్యి చాపితే వాళ్ళను. పద్నాలుగు మంది, ఒక మేక. మూడు దినాలు ఆ పడవల్నే. ఎండిన రొట్టె తిన్నం, వాన నీళ్ళు తాగినం. గల్లీలల్ల కరెంటు తీగలు నెత్తికి తాకుతున్నయి. ఆ తీగల కింది నుంచి మేము ఒంగితే పడవ పోయింది. కొయ్య ఉంటే పోయేదా? కొయ్య తీగెకు తాకుతుండె, పద్నాలుగు మందిమి బొగ్గయితుంటిమి.

నేను కొయ్య తీసినందుకు బతికిన్రు. ఈ మాట ఆ మిస్త్రీకి చెప్పాలె.

వరద తీసినంక పడవ డుమస్ దిక్కు పొలంల కూలబడ్డది. రెండేండ్లకు హోటలోడు గుంజుకపోయిండు. నాదిరా అని పోతే, కాయిదం చూపియ్యి అన్నడు. కాయిదం నాకాడ ఉండె. సేటు బొంబాయి దవాఖానకు పోయేటప్పుడు తన చేత్తోని రాసిచ్చింది. చూపియ్యలే. ఆనికి నేనెందుకు చూపియ్యాలె?

2025 జనవరి 14

పతంగుల పండుగ. సూరత్ మొత్తం ఇండ్ల మీదికి ఎక్కింది. ఒక పచ్చ పతంగి ధ్వజస్తంభం కొనకు చిక్కింది. దారం తెగలే. పొద్దుమూకేదాక కొట్టుకున్నది.

జనవరి 16, గురువారం

ఇందు వజ్రమ్మ పెట్టె తీసింది. "నానమ్మ పూసల పెట్టెల ఏదో గుజరాతీ చిట్టి ఉన్నది తాతా. సేట్‌ది! దీన్ని స్కాన్ చేసి చరిత్రల పెడితే నువ్వు ఓనర్వని ప్రూఫ్ ఉంటది కదా?"

"పెట్టెల పెట్టు," అన్న.

అప్పటికే చదువుతున్నది. చదివి నా దిక్కు చూసింది. మల్ల చదివింది.

"ఏముంది?"

"తాతా, నీకు తెల్వదా?"

"తెల్సు. పడవ నీదే అని ఉన్నది. సేటు నా ముంగట్నే రాసిండు. చదివి వినిపిచ్చిండు."

"గిట్ల లేదు తాతా." ఏలు పెట్టి చదివి చెప్పింది. "నరహరీ, నేను తిరిగి వచ్చేదాక పడవను నీ చేతిల పెడుతున్న. ప్రతి వానకాలం ముందు కొయ్యకు నూనె పెట్టు. ఒక్క పలక కూడ ఎవ్వరికీ ఇయ్యకు. నీ మీద నమ్మకంతో, కాంతిలాల్."

"కింద సూడు. కింద నీదే అని ఉంటది."

"కింద తారీకు ఉన్నది తాతా."

"నీకు గుజరాతీ సరిగ్గ రాదు."

"పదమూడేండ్లు గుజరాతీ మీడియం చదివిన తాతా," అన్నది. కొట్లాడలే. చిట్టిని నాలుగు మడతలు పెట్టి, ఉన్న తాన పెట్టి పోయింది. కొట్లాడితే మంచిగుండేది.

అదే దినం, దీపం పెట్టే యాళ్ళకు

సేటు తిరిగి రాలే. రెండేండ్లకు బొంబాయిలనే పోయిండు. పడవను అడగనీకి ఎవ్వలు రాలే. నేను ఏం చెయ్యాలె?

వజ్రమ్మ ఆ చిట్టిని గప్పుడే చదివిచ్చింది. 1993ల, కొయ్య పీకే ముందు దినం. పక్కింటి పంతులమ్మతోని. వచ్చి చెప్పింది. "సేటు నిన్ను కావలి పెట్టిండయ్యా. ఇయ్యలే. కొయ్య ముట్టకు." ఆ పంతులమ్మకు అద్దాలు మార్చాలె, కండ్లు సక్కగ కనిపిస్తలేవు అన్న. ఇన్నేండ్లు గదే అన్న.

రాసిన. రాసినంక కూడ గదే అనాలనిపిస్తున్నది.

జనవరి 17

పెట్టె మల్ల తీసి, చిట్టి చూసి, మూసిన.

జనవరి 19, ఆదివారం

పొద్దున తొడుగు ఇప్పుతమని కమిటీ అంత గుడిల కూడింది. ఆడోళ్ళు కూడ వచ్చిన్రు. ఇత్తడి ఇప్పితే అందరికి కనపడేదే. కనపడ్డంక చెప్తే దొరికిన దొంగనయిత. నేను దొరికేటోన్ని గాదు. ముంగట్నే లేచిన.

"ఆ మాను డాంగ్ అడవులది గాదు. కాంతిలాల్ సేట్ పడవ కొయ్య. ఆయన కావలి పెడితే నేను పీకి తెచ్చిన. అబద్దం ఆడిన. ఇప్పుడు ఎవలేం అంటరో అనున్రి."

అందరు ఒక్కసారే అన్నరు.

ధర్మరాజు ఎర్రగయిండు. "దొంగ సొమ్ము తెచ్చి దేవుని ముంగట నిలబెట్టినవా అన్నా?"

"నిలబెట్టిన. నువ్వు ఆ బ్యాండు ముంగట చొక్కా ఇప్పి ఎగిరినవు."

"నాకు తెల్సా?"

"తెల్సుకోవాలనిపియ్యలే. బీట లేని మాను వారం దినాలల్ల ఎట్ల దొరికిందని ఒక్కడన్న అడిగిన్రా?"

ఒకాయన అందుకున్నడు. "ఆ పడవల ఇంగ్లీషోడు మాంసం తిన్నడు, సార తాగిండు. గసొంటి కట్టెకా మేము ముప్పై ఏండ్లు మొక్కింది?"

"మొక్కులు తీరలేవా మరి? ధర్మరాజూ, నీ కోడలికి తొమ్మిదేండ్లు పిల్లలు గాకుంటే గా కట్టె చుట్టే పదకొండు వారాలు తిరిగింది. కవలలు పుట్టిన్రు. వాపస్ ఇస్తవా?"

ఆడోళ్ళు కొంగులు నోట్ల కుక్కుకున్నరు. ధర్మరాజు కోడలు మాత్రం బయటికే నవ్వింది.

శాస్త్రి చెయ్యి ఎత్తిండు. "నరహరీ, నేను గప్పుడు మాను ఎక్కడిదని అడిగిన. అబద్దం చెప్పినవు. ఆ పాపం నీదే, దాన్ని ఇంకొకరి నెత్తిన పెట్టను. కానీ ప్రతిష్ఠ అయినంక అది స్వామిది. కళ తీసినంక మల్ల ఉత్త కట్టె. నీళ్ళకు అప్పగించాలె."

"అప్పగిద్దాం. దాని పడవ మీదనే నిలబెట్టి అప్పగిద్దాం. మీ శాస్త్రంల నీళ్ళకు ఇయ్యిమన్నరా, ముంచుమన్నరా?"

ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నడు. "ఇయ్యిమన్నరు," అన్నడు. "ముంచుమని ఎక్కడ లేదు. కానీ పున్నమి దాటొద్దు."

ఇంటికొచ్చి సుత్తె, ఉలి పట్టుకొని మల్ల పోయిన. బండ మీద నా పేరు నేనే కొట్టేసిన. ధర్మరాజు వచ్చి, "అన్నా, గింత అవసరం లేదు, ఇడువు" అన్నడు. ఇడువలే. వజ్రమ్మ పేరు మాత్రం ఉంచిన. ఇప్పుడు ఆమె ఒక్కతే ఉన్నది బండ మీద. తిట్టుకుంటది. తిట్టుకోనీ.

జనవరి 20, సోమవారం

డుమస్ పోయిన. ఒక్కన్నే, బస్సుల. చిట్టి ఊర్మి చేతిల పెట్టిన. నిలబడే అంత చెప్పిన.

ఆమె అరువలే. అరిస్తే నేను కూడ అరుస్తుంటి. తండ్రి చేతిరాత మీద ఏలు పెట్టి ఆడికీ ఈడికీ జరిపింది.

"నాన్న దవాఖానల మాట పడిపోయినంక పలక మీద రాసి అడిగెటోడు కాకా. నరహరి కొయ్యకు నూనె పెట్టిండా అని. పెట్టిండు నాన్నా అనేదాన్ని. నాకు తెల్వకున్నా అనేదాన్ని. నీ మీద గంత నమ్మకం."

ఆ రెండేండ్లు పెట్టిన. నిజంగ పెట్టిన. ఆ మాట నోటిదాక వచ్చింది. ఏ మొఖంతోని అనాలె?

"నీ కొయ్య నీకు వస్తది. పున్నమి లోపల," అన్న.

"నాకు అక్కర్లేదు," అన్నది. "నీ పేరు రేకు మీద ఎక్కది. పో కాకా."

వచ్చేటప్పుడు బస్సుల సీటు దొరకలే. ఒక పిల్లగాడు లేచి ఇస్తే కూసోలే. డెబ్బై ఏడేండ్లకు ఒక గంట నిలబడలేనా.

జనవరి 21

మోకాళ్ళు నొస్తున్నయి. బస్సు మూలంగ గాదు.

జనవరి 30, గురువారం

కళ తీసుడు అయింది. తొడుగు మొత్తం ఇప్పిన్రు.

అమ్మ! ఇత్తడి కింద ముప్పై రెండేండ్లు ఎండ తాకలే, వాన తాకలే. కొయ్య లేత పసుపు రంగుల, సబ్బుతోని కడిగినట్టు ఉన్నది. గుడంత దేవదారు వాసన. మొదట్ల జానెడు మాత్రం చెదలు తిన్నది. గంజి పెట్టిన కాడనే. పైకి పోలే.

గుంట తవ్వుతుంటే పందిరి కాడ కారు ఆగింది. ఊర్మి. ఇందు తోలుకొచ్చిందట, నాకు ఒక్క మాట చెప్పలే. ఎనుక మిస్త్రీ.

ఆమె నాతోని మాట్లాడలే. చెప్పులు ఇప్పి లోపలికి వచ్చింది. ధర్మరాజు కోడలు కవలలను పట్టుకొని కొయ్యకు చివరిసారి మొక్కుతున్నది. ఇంకా పది మంది ఆడోళ్ళు వరుసల నిలబడ్డరు, పసుపు పట్టుకొని. ఒక ముసలామె దాన్ని పట్టుకొని బిడ్డను అత్తగారింటికి పంపినట్టు ఏడుస్తున్నది. ఊర్మి అట్లనే చూసుకుంట ఉన్నది.

మిస్త్రీ మాత్రం పని మీద ఉన్నడు. పిడికిలితోని కొట్టుకుంట, చెవి పెట్టుకుంట మొదలు కెళ్ళి కొన దాక పోయిండు. లేచి అన్నడు, "బెన్, పడవ మీదనే ఉంటే ఇది ఎప్పుడో పుచ్చిపోయేది. లేకుంటే ఆ హోటలోడు చలికాలంల మంట పెట్టుకునేటోడు. జానెడు కోస్తే సాలు. మాను ఘంటలెక్క ఉన్నది."

నేనేం అనలే. అన్నది ఆయన.

గుంటల నవరత్నాలు, చిల్లరతోని వెండి రూపాయి దొరికింది. నల్లగైంది. శాస్త్రి కడిగి ఊర్మి చేతిల పెట్టిండు. ఆమె పిడికిలి మూసింది. పోయేటప్పుడు నా ముంగట ఆగింది.

"వరదల పద్నాలుగు మందా?"

"ఒక మేక కూడ."

"ఇందు చెప్పింది," అన్నది. "నేను ఇంక మాఫ్ చెయ్యలే కాకా."

"నేను అడగలే గదా," అన్న.

అన్నంక నాలిక కొరుక్కున్న. ఆమె పెదవి ఒక దిక్కు వంకర పోయింది. చిన్నప్పుడు నవ్వు ఆపుకునేటప్పుడు గట్లనే పోయేది.

ఫిబ్రవరి 2

నిన్న కొత్త స్తంభం నిలబడ్డది. జయంతి మంచిగయింది. ఇయ్యాల పాత కొయ్య డుమస్ పోయింది. ఒంటె బండ్లు లేవు, లారీ. ధర్మరాజు బ్యాండు పెట్టిచ్చిండు. "తెచ్చినప్పుడు పెట్టినం, పంపేటప్పుడు పెట్టొద్దా?" అన్నడు. డెబ్బై ఏండ్లకు మల్ల ఎగిరిండు. చొక్కా ఇప్పలే, సలి.

ఫిబ్రవరి 9

ఊర్మి రేకు రాత ఇందుతోని పంపింది, చూడుమని. నా పేరు లేదు. కావలి నరహరి అని పెట్టాల్నా అని అడిగిందట. వద్దని చెప్పు అన్న. కావలి సక్కగ చెయ్యలే. చెయ్యని పనికి పేరెందుకు?

"అయితే ఆ ఏండ్ల కాడ ఏం రాయాలె తాతా? ఖాళీ ఉంచుమంటవా?"

ఆలోచించి చెప్పిన. అది పడి పడి నవ్వుకుంట ఫోన్ చేసింది.

ఫిబ్రవరి 12, బుధవారం, పున్నమి

పెద్ద పోటు పగటీలి వచ్చింది. పడవ నీళ్ళ మీద లేచి నిలబడ్డది. బస్తీ మొత్తం డుమస్ ఒడ్డున ఉన్నది, శాస్త్రితోని సహ. ఆయన నీళ్ళకు మంత్రం చదివి, "అప్పగించిన" అన్నడు.

లోపల రేకు కొట్టి ఉన్నది. గుజరాతీ అచ్చరాలు. ఇందు చదివి వినిపిచ్చింది. ఈసారి మొత్తం చదివిచ్చుకున్న. కెప్టెన్ మెక్రీడీ. డాక్టర్ సొరాబ్. కాంతిలాల్ సేట్. వాళ్ళ కింద, అంతే పెద్ద అచ్చరాలల్ల, కొయ్య మాలిక్: శ్రీ మార్కండేయ స్వామి, భేస్తాన్, 1993 నుంచి 2025. దాని కింద ఊర్మి.

కప్తాను, డాక్టరు, సేటు, మా నేతోళ్ళ దేవుడు. ఒక్క వరుసల. ధర్మరాజు దానికి కూడ దండం పెట్టిండు.

కొయ్యను తాళ్ళతోని లేపి బెజ్జం మీద నిలిపిన్రు. దించే ముందు మిస్త్రీ ఆగుమన్నడు. నాణెం.

ఊర్మి పిడికిలి ఇప్పింది. రూపాయిని తోమిచ్చింది, రాజు ముక్కు కనపడుతున్నది. ఆమె ఒంగలే. నా దిక్కు చెయ్యి చాపింది.

"పెట్టు కాకా."

"మాలిక్ పెట్టాలె," అన్న.

"ఎరుకే. నాకు ఆరేండ్లప్పుడు నువ్వే చెప్పినవు. పోటు తీస్తది, జల్ది పెట్టు."

మోకాళ్ళ మీద కూసున్న. అడుగున ఆ పాత మచ్చ ఉన్నది, రూపాయిని దాని మీదనే పెట్టిన, అంచుకు అంచు. నూలు లేదు, గంజి లేదు. మిస్త్రీ డాంబర్ పోసిండు. కొయ్య దిగింది.

జానెడు పొట్టిగున్నది. తెరచాప కింది అంచు కూడ జానెడు మడిచి కుట్టాలె. ఊర్మి దర్జీని పిలుస్తనన్నది. దర్జీ గిర్జీ వద్దు, సూది తెప్పియ్యి అన్న.